పాంపే పక్కన హంపి

1520 ప్రాంతంలో గుర్రాల వర్తకులతో కలిసి విజయనగరానికి వచ్చిన పోర్చుగీసు యాత్రికుడు డొమింగో పేస్ ఒక గుట్ట ఎక్కి ఊరంతా కలయజూశాడు. ఇది రోము నగరమంత ఉందని రాసుకున్నాడు. అదీ కొండల చాటున సగం ఊరు కనబడకపోగా, కనబడినంత మేరకు వేసిన అంచనా. ఐదు వందల ఏళ్ల తర్వాత ఆ పోలిక బెంగళూరు అపార్ట్‌మెంట్లలో మళ్లీ వినబడుతోంది. సెలవులకు ఇటలీ వెళ్లొచ్చే తెలుగు కుటుంబాలు ఇప్పుడు తక్కువేమీ కాదు. నేపుల్స్‌లో దిగి, లోకల్ రైల్లో పాంపే చేరి, వెసువియస్ అగ్నిపర్వతం కప్పేసిన రోమన్ పట్నాన్ని చూసి వస్తారు. వచ్చాక పంచాయితీ మొదలవుతుంది. "దాని ముందు మన హంపి ఏపాటిది?" అని కొందరు, "మన హంపి ముందు అదేపాటిది?" అని కొందరు.

రెండూ చూసినవాణ్ని కాబట్టి చెబుతున్నాను. ఈ పంచాయితీలో ఎవరు గెలిచినా ఒరిగేదేమీ లేదు. శిథిలాల గొప్పతనాన్ని కొలతలతో తేల్చలేం. ఒక పాడుబడ్డ ఊరు అక్కడ బతికిన మనుషుల గురించి మనకేం చెబుతోంది, దాన్ని కాపాడుతున్నవాళ్లు మనకేం చెప్పనిస్తున్నారు అన్నదే అసలు పోలిక. ఆ లెక్కన చూస్తే పాంపే నుంచి నేర్చుకోవలసినది మనం నేర్చుకోలేదు. నేర్చుకోకూడనిది మాత్రం శ్రద్ధగా నేర్చుకున్నాం. నా వాదన ఇదే.

బెంగళూరు తెలుగువాడికి ఈ పోలిక చేసే చనువు రెండు వైపుల నుంచీ ఉంది. యశవంతపురంలో, హెచ్‌ఏఎల్ ప్రాంతంలో అగస్టస్, తిబేరియస్, క్లాడియస్ చక్రవర్తుల నాణేలు దొరికాయి. బెంగళూరు నుంచి హంపికి రోడ్డు మీద వెళ్తుంటే దారిలో తగిలే చిత్రదుర్గం పక్కనే చంద్రవళ్లి ఉంది. 1947లో మార్టిమర్ వీలర్ అక్కడ తవ్విస్తే శాతవాహనుల నాణేలతోపాటు తిబేరియస్ వెండి నాణెమూ బయటపడింది. అటు పాంపేలో 1938లో ఒక ఇంటి శిథిలాల్లో మన దేశం నుంచి వెళ్లిన దంతపు స్త్రీమూర్తి దొరికింది. నగలు తొడుక్కుని, ఇరువైపులా ఇద్దరు చెలికత్తెలతో నిలబడిన ఆ చిన్న బొమ్మ ఇప్పుడు నేపుల్స్ మ్యూజియంలో ఉంది. ఇక విజయనగరం సంగతి సరేసరి. 1537లో బెంగళూరుకు కోట కట్టించిన కెంపేగౌడ ఆ రాజ్యానికి సామంతుడు. తెలుగులో 'గంగాగౌరీ విలాసం' అనే యక్షగానం రాశాడని కూడా ఆయన గురించి చెబుతారు. చిక్కపేట, బళేపేట, అక్కిపేట అంటూ వర్తకం చొప్పున వీధులు తీర్చిన ఊరు మనది. అంటే హంపికి సెలవుల్లో వెళ్లే బెంగళూరువాడు తన ఊరి పుట్టింటికే వెళ్తున్నాడు.

రెండు ఊళ్ల చావుల దగ్గర మొదలుపెడదాం. చూసేవాడి అనుభవంలో తేడా అంతా అక్కడే పుడుతుంది.

క్రీ.శ. 79లో వెసువియస్ పేలింది. ఆగస్టు 24న అని చాలాకాలం అనుకున్నారు. ఒక గోడ మీద బొగ్గుతో గీకిన తేదీ 2018లో బయటపడ్డాక అక్టోబరు అయి ఉండొచ్చని పండితులు ఇప్పుడు అంటున్నారు. అఖాతానికి అవతలి ఒడ్డున మిసేనమ్‌లో ఉండి ఆ పొగస్తంభాన్ని కళ్లారా చూసిన ప్లినీ, అది ఎలా ఉందో తర్వాత చరిత్రకారుడు టాసిటస్‌కు జాబులు రాశాడు. రెండు రోజుల్లో ఊరంతా నాలుగు నుంచి ఆరు మీటర్ల బూడిద, బుడగరాయి కింద పడిపోయింది. అటకెక్కించిన సామాను అటకమీదే, పొయ్యిలో పెట్టిన రొట్టె పొయ్యిలోనే ఉండిపోయాయి. మోడెస్టస్ అనే పేరుతో పిలిచే రొట్టెల దుకాణంలో 1862లో తవ్వితే, పొయ్యిలో మాడిపోయిన రొట్టెలు 81 దొరికాయి.

విజయనగరం చావు అలాంటిది కాదు. 1565 జనవరిలో రాక్షసి తంగడి యుద్ధంలో అళియ రామరాయలు తల తెగింది. తమ్ముడు తిరుమల రాయలు ఖజానా ఏనుగుల మీద వేసుకుని పెనుకొండకు చేరాడు. గెలిచిన సైన్యాలు నెలల తరబడి ఊరిని దోచుకున్నాయి. కర్రతో కట్టిన నగరులు తగలబడ్డాయి. రెండేళ్లకు, 1567లో, వెనిస్ వర్తకుడు చేజారే ఫెదెరిచి ఇక్కడికొచ్చి ఏడు నెలలు ఉన్నాడు. ఇళ్లు నిలబడే ఉన్నాయి, మనుషులే లేరు, పులులు తిరుగుతున్నాయట అని రాశాడు. ఆ ఇటలీ వర్తకుడు చూసిన హంపిలో గోడలు మిగిలాయి, మనుషులు పోయారు. అతని సొంతదేశంలో పాంపే ఆనాటికి ఇంకా మట్టికిందే ఉంది.

బూడిద దాచిపెడుతుంది, నిప్పు దాచదు. అందుకే పాంపేలో వంటిల్లు మిగిలింది, హంపిలో గుడి మిగిలింది. హంపి నగరుల్లో మనం చూసేవి రాతి అధిష్ఠానాలు. వాటి మీద లేచిన స్తంభాలు, మిద్దెలు, దూలాలు ఏవీ లేవు. మామూలు జనం కట్టుకున్న మట్టి ఇళ్లు, పూరిపాకలు నామరూపాల్లేకుండా పోయాయి. ఇది ఎవరి తప్పూ కాదు. కానీ మిగిలినదాంట్లో ఏం చూడాలో, చూపించాలో ఎంచుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

ఇంకో తేడా ఉంది, దీన్ని చాలామంది పట్టించుకోరు. పాంపేని లోకం నిజంగానే మరిచిపోయింది. 1590లలో దొమెనికో ఫొంతానా అనే ఇంజనీరు సార్నో నది నీళ్లు మళ్లించే కాలువ తవ్వుతూ సరిగ్గా పాంపే మీదుగా సొరంగం వేశాడు. గోడలు తగిలాయి, శాసనాలు తగిలాయి, ఊరని మాత్రం గుర్తుపట్టలేదు. తవ్వకాలు 1748లో మొదలయ్యాక కూడా అది పాంపే అని తేలడానికి 1763 దాకా పట్టింది. హంపి అలా కాదు. బళ్లారి ప్రాంతంలో ఉద్యోగం చేసిన రాబర్ట్ స్యూయల్ 1900లో విజయనగర చరిత్ర రాసి దానికి 'మరచిపోయిన సామ్రాజ్యం' అనే అర్థం వచ్చే పేరు పెట్టాడు. ఇంగ్లీషు చదువరులు మరిచిపోయి ఉండొచ్చు, తెలుగు, కన్నడ దేశాలు మరిచిపోలేదు. రాయల కథలు, పెద్దన గండపెండేరం కథ, తెనాలి రామకృష్ణుడి కథలు చెప్పుకోని ఊరు రాయలసీమలో ఉండదు. విరూపాక్షుడి గుళ్లో దీపం ఆరలేదు. కొడాలి వెంకట సుబ్బారావు గారి 'హంపీక్షేత్రము' చదివి కళ్లనీళ్లు పెట్టుకున్న తరం మన ఇళ్లల్లో ఉండేది.

ఆ కన్నీళ్ల మీద నాకు గౌరవం ఉంది. కానీ అవి ఎప్పుడూ సింహాసనం కోసమే పారాయి. రత్నాలు రాసులు పోసి అమ్మారట అన్న మాట చెప్పని తెలుగువాడు లేడు. ఆ రాసుల పక్కన ఆకుకూర అమ్మిన మనిషి ఎక్కడ నిద్రపోయిందని అడిగినవాడు అరుదు. పాంపే పక్కన హంపిని పెట్టగానే మొట్టమొదట కనబడే లోటు ఇది.

పాంపే వీధిలో నడుస్తుంటే రాజు కనబడడు. నల్లటి లావారాతి బాటమీద బండిచక్రాలు కోసిన గాడి కనబడుతుంది. బాటకు అడ్డంగా ఎత్తుగా మూడేసి రాళ్లు పాతి ఉంటాయి. మురుగు తొక్కకుండా మనుషులు దాటడానికి ఆ రాళ్లు, చక్రాలు పోవడానికి మధ్యలో సందులు. మలుపు దగ్గర వీధికుళాయి తొట్టి. ఆ తొట్టి అంచు ఒక వైపు నున్నగా లోపలికి అరిగిపోయి ఉంది. నీళ్లు తాగడానికి వంగిన ప్రతివాడూ అక్కడే చెయ్యి ఆనించాడు. తరాల తరబడి ఆనించిన చేతులు రాతిని అరగదీశాయి. నేను కూడా అక్కడే చెయ్యి పెట్టాను, వేరే చోట పెడితే కుదరదు. చక్రవర్తుల విగ్రహాలు ఎన్ని చూసినా రాని దగ్గరతనం ఆ అరుగుదలలో వచ్చింది.

ఇంకొంచెం నడిస్తే భోజనాల కొట్టు. చలువరాతి ముక్కలు పొదిగిన గల్లా అరుగు, దాంట్లో పాతిన పెద్ద కుండలు. 2020లో పూర్తిగా తవ్వితీసి 2021 నుంచి జనానికి చూపిస్తున్న ఒక కొట్టులో అరుగుమీద బాతులు, కోడిపుంజు బొమ్మలు రంగులు వెలవకుండా ఉన్నాయి. కుండల అడుగున బాతు, మేక, పంది, చేప, నత్తల ఆనవాళ్లు దొరికాయి. గోడల మీద ఎన్నికల ప్రచార రాతలున్నాయి: ఫలానావాడికి ఓటేయండి, ఫలానా వృత్తివాళ్లందరూ అతనివైపే అని. 2021 నవంబరులో పాంపే గోడ బయట చివితా జులియానా దగ్గర బానిసలుండే గది ఒకటి బయటపడింది. మూడు మంచాలు, కుండలు, గుర్రపు సామాను, పైన చిన్న కిటికీ. ఆ గది గురించి తవ్వకందారులు చెప్పిన తీరు, ప్రపంచమంతా పత్రికలు రాసిన తీరు చూస్తే, ఒక రాజభవనం దొరికినా అంత శ్రద్ధ చూపరేమో అనిపించింది.

ఇప్పుడు హంపి. రాజప్రాసాదాల ఆవరణ నుంచి కొంచెం అవతలికి వస్తే కాలువ గట్టున రెండు వరుసలుగా రాతి విస్తళ్లు ఉన్నాయి. భోజనశాల అంటారు. ఒక్కొక్క రాతి పలకనూ పళ్లెంలా తొలిచి, అన్నానికి పెద్ద గుంట, పక్కన కూరకు, పచ్చడికి, పప్పుకు చిన్న చిన్న గుంటలు చెక్కారు. మధ్యలో నీళ్లు పారే సన్నకాలువ. తినగానే కడుక్కోవడానికి లేవక్కర్లేదు. ఎవరు తిన్నారు? సిపాయిలా, పండక్కి వచ్చిన బాటసారులా, రాళ్లు మోసిన కూలీలా? పాంపే కొట్టుకు ఏమాత్రం తీసిపోని చోటు ఇది. కానీ బెంగళూరు నుంచి వచ్చిన బస్సులు ఇక్కడ ఆగడం నేను పెద్దగా చూడలేదు. ఆగినా, దిగి, ఫోటో తీసుకుని, ఎక్కేస్తారు.

గుళ్ల మండపాల్లో నేలచూపు చూసే ఓపిక ఉంటే ఇంకో ఊరు కనబడుతుంది. రాతి నేలమీద పులిజూదం గళ్లు, వామనగుంటలు, అష్టాచెమ్మా గీతలు గీసి ఉన్నాయి. పూజ అయ్యేదాకా కాలక్షేపానికో, కాపలా పనిలో పొద్దుపోవడానికో ఎవరో ఉలితో, మేకుతో గీసుకున్నారు. గుట్టల బండలమీద వరుసగా పొడిచిన చిన్న చిన్న గుంటలు కనబడతాయి. రాయి పగలగొట్టడానికి మేకులు దించిన చోట్లు అవి. కొన్ని బండలు సగం పగిలి అలాగే ఆగిపోయాయి. 1980లలో తవ్వితీసిన మెట్ల కోనేరు నల్లరాళ్లమీద ఏ రాయి ఏ దిక్కున, ఏ వరుసలో, ఎన్నో మెట్టుకు పెట్టాలో తెలిపే గుర్తులున్నాయి. వేరే చోట చెక్కి, ఇక్కడ కూర్చిన పనివాళ్ల చేతిరాత అది. విజయనగరంలో మామూలు మనిషి స్వయంగా వదిలిపెట్టిన దస్తూరీ ఇంతకన్నా దగ్గరగా దొరకదు.

వీటి దగ్గర నాలుగు మాటలు చెప్పే బోర్డు కోసం వెతుక్కోవాలి. గైడ్లు మంచివాళ్లు, కష్టపడతారు, హోస్పేట వైపు గైడ్లలో చక్కటి తెలుగు మాట్లాడేవాళ్లు చాలామంది ఉన్నారు. కానీ వాళ్లకు నేర్పిన కథ ఒకటే. "సార్, ఇక్కడ రాయలవారు కూర్చుని దసరా చూసేవారు. ఇది రాణిగారి స్నానాల గది. ఇవి సంగీతం పలికే స్తంభాలు." ఆ మాటలు అబద్ధాలని కాదు. మహానవమి దిబ్బ ఎక్కి నిలబడితే ఒళ్లు పులకరించనివాడు ఉండడు. కానీ ఆ దిబ్బ గోడల మీద చెక్కిన బొమ్మల్లో గుర్రాలు తోలుకొచ్చిన పరదేశీలు, వేటగాళ్లు, కోలాటమాడే ఆడవాళ్లు వందల్లో ఉన్నారు. దిబ్బపైన కూర్చున్న ఒక్కడి గురించే చెప్పి, దిబ్బచుట్టూ ఉన్న వందలమందిని వదిలేయడం మన చూపు లోపం, శిల్పులది కాదు.

పరిశోధకులు ఆ పని చేయలేదనడానికీ లేదు. జార్జ్ మిషెల్, జాన్ ఫ్రిట్జ్ 1980 నుంచి ఏళ్లకేళ్లు మకాం వేసి ప్రతి గోడనూ, ప్రతి గుమ్మాన్నీ పటంలోకి ఎక్కించారు. కార్లా సినోపొలి, క్యాథలీన్ మారిసన్ 1980ల చివరి నుంచి ఊరి చుట్టుపక్కల పొలాలు, చెరువులు, బాటలు, కుండపెంకులు సర్వే చేశారు. రైతు ఏం పండించాడు, నీళ్లు ఎలా తెచ్చుకున్నాడు అన్నది వాళ్ల పనిలో ఉంది. ఆ సంగతులు పుస్తకాల్లో ఉండిపోయాయి, శిథిలాల దగ్గరికి రాలేదు. పాంపేలో జుసెప్పే ఫియొరెల్లి 1860లలోనే ఊరిని తొమ్మిది ప్రాంతాలుగా, వాటిని వీధిబ్లాకులుగా విడగొట్టి, ప్రతి గుమ్మానికీ నెంబరు వేశాడు. ఇవాళ్టికీ యాత్రికుడి చేతిలో పటంలో ఆ నెంబర్లే ఉంటాయి. పండితుడి పని పామరుడి చేతిలోకి వచ్చింది. మనం నేర్చుకోవలసింది అదీ.

ఇంతదాకా పాంపేదే పైచేయి. ఇప్పుడు నీళ్ల దగ్గరికి రండి.

పాంపే నీటి ఏర్పాటు గొప్పది. ఊరి ఎత్తైన చోట, వెసువియస్ గుమ్మం దగ్గర నీటి గది, అక్కణ్నుంచి సీసపు గొట్టాల్లో ఊరంతా పంపిణీ. ఇప్పుడా గొట్టాల్లో చుక్క లేదు. హంపిలో తుర్తా కాలువ విజయనగర రాజులు తవ్వించింది. తుంగభద్రకు అడ్డంగా వేసిన ఆనకట్ట నుంచి బయల్దేరి శిథిలాల మధ్యలోంచి పారుతోంది. ఆ నీళ్లతోనే ఇప్పటికీ అరటితోటలు పండుతున్నాయి. కృష్ణ దేవాలయం నుంచి కిందికి చూస్తే పాడుబడ్డ బజారు మండపాలు, వాటి అవతల పచ్చటి అరటి, మధ్యలో పారే నీళ్లు. ఆ రైతు ఐదువందల ఏళ్ల కిందటి కాలువలో పార పెట్టి మడవ కడుతున్నాడు. అతను మ్యూజియం వస్తువు కాదు. విజయనగర పౌరుడు. పాంపేలో అలాంటివాడు ఒక్కడూ లేడు, ఉండే అవకాశమూ లేదు.

గుడి విషయంలోనూ అంతే. పాంపే అపోలో గుళ్లో పూజ లేదు. ఆ శిథిలాల కంచె బయట 19వ శతాబ్దం చివర కట్టిన రోజరీమాత చర్చి ఉంది. కొత్త పాంపే పట్నం దాని చుట్టూనే పెరిగింది, ఏటా లక్షలమంది మొక్కులు తీర్చుకోవడానికి వస్తారు. అంటే పాంపేలో ప్రాణమున్న గుడి గోడ బయట ఉంది. హంపిలో లోపల ఉంది. విరూపాక్షాలయంలో పొద్దున్నే ఏనుగు లక్ష్మి ఏటికి స్నానానికి వెళ్తుంది. చైత్రంలో రథం కదులుతుంది. పెళ్లిళ్లు అవుతాయి, తలనీలాలు తీస్తారు, పల్లెల నుంచి వచ్చినవాళ్లు మండపాల్లో మూటలు విప్పుకుని పులిహోర తింటారు. వాళ్లకు యునెస్కో పట్టింపు లేదు, టికెట్టు పట్టింపు లేదు. పంపావిరూపాక్షుల కల్యాణానికి వచ్చారు.

ఈ తేడా గుర్తించకపోవడం వల్లే మనం పెద్ద తప్పు చేశాం. విరూపాక్షాలయం ముందున్న పొడవాటి బజారు వీధిలో, రెండువైపులా ఉన్న రాతి మండపాల్లో, దశాబ్దాలుగా జనం కాపురాలు ఉండేవారు. కొబ్బరికాయలు, గాజులు, పుస్తకాలు అమ్మేవారు, టిఫిన్లు వేసేవారు, యాత్రికులకు గదులిచ్చేవారు. 2011 జులై చివర జిల్లా యంత్రాంగం బుల్డోజర్లు దింపి ఆ దుకాణాలనూ ఇళ్లనూ పడగొట్టింది. కాపురమున్నవాళ్లు తట్టాబుట్టా సర్దుకుని వెళ్లిపోవలసి వచ్చింది. వాళ్లకు కొన్ని కిలోమీటర్ల దూరంలోని కడ్డిరాంపుర దగ్గర చోటు చూపించారు. 2020లో ఏటికి అవతల విరూపాపుర గడ్డె మీది రిసార్టులను సుప్రీంకోర్టు తీర్పు తర్వాత తొలగించారు. ఈ రెంటినీ ఒక గాటన కట్టడం నాకిష్టం లేదు. లంకభూమిలో లేచిన రిసార్టులు వేరు, గుడి ముందు టెంకాయ కొట్టు వేరు.

అధికారుల వాదనలో నిజం లేకపోలేదు. రాతి స్తంభాల మధ్య సిమెంటు గోడలు కట్టారు, మేకులు కొట్టారు, మురుగు వదిలారు. అవి ఆపవలసినవే. కానీ ఆపడానికీ, ఊరిని ఖాళీ చేయడానికీ మధ్య చాలా దారులున్నాయి. ఎంతమంది ఉండాలి, ఏ మండపంలో ఏం అమ్మాలి, ఏం కట్టకూడదు అని కూర్చుని తేల్చుకోవచ్చు. అది బజారు. పేస్ చూసినప్పుడూ బజారే. గుడి ముందు అంగళ్లు విజయనగర కాలపు ఏర్పాటే: విఠలాలయం ముందు, కృష్ణాలయం ముందు, అచ్యుతరాయల గుడి ముందు అన్నిచోట్లా బజారు వీధులు వేశారు. గుడినీ అంగడినీ కలిపి కట్టినవాళ్ల వారసత్వాన్ని కాపాడతామని చెప్పి అంగడిని తీసేశాం. శుభ్రంగా, ఖాళీగా, మనిషి అలికిడి లేకుండా ఉంటేనే శిథిలం అన్న ఊహ పాంపేది. అక్కడ ఊరు నిజంగా చచ్చిపోయింది కాబట్టి ఆ ఊహ అక్కడ చెల్లుతుంది. బతికున్న ఊరికి దాన్ని అంటగడితే అది కాపాడటం కాదు.

నేర్చుకోకూడనిది నేర్చుకున్నామన్నది ఇందుకే. నేర్చుకోవలసినది ఇంకొకటుంది, మరమ్మతు. 2010 నవంబరులో పాంపేలో గ్లాడియేటర్ల ఇల్లుగా పేరుపడ్డ భవనం వానలకు కూలిపోయింది. ఇటలీ అంతా సిగ్గుపడింది, పార్లమెంటులో గొడవైంది. తర్వాత రెండేళ్లకు యూరోపియన్ యూనియన్ సాయంతో 105 మిలియన్ యూరోల గ్రాండ్ పాంపే ప్రాజెక్టు మొదలైంది. నీళ్లు నిలవకుండా చేశారు, గోడలు నిలబెట్టారు, మూసేసిన ఇళ్లు తెరిచారు. కూలిన ఆ భవనాన్నే 2019లో తిరిగి చూపించారు. 2024 మే నెలలో సరిగ్గా అలాగే, వానలకు, విరూపాక్షాలయం ముందరి సాలుమండపంలో కొంతభాగం కూలిపోయింది. ఖాళీ చేయించిన బజారులో మండపాలే అవి. జనం ఉంటే పాడవుతాయన్నారు. జనం పోయాక కూడా పడ్డాయి. పడిపోయేదాకా ఆ స్తంభాల కింద నేల ఎంత కుంగిందో పట్టించుకునే మనిషి రోజూ అక్కడ లేకపోవడం కూడా ఒక కారణమే అని నేను నమ్ముతున్నాను. ఆ మండపంలో కాపురమున్నవాడికి చూరు కారితే ముందు తెలిసేది.

పాంపేని కూడా నెత్తిన పెట్టుకోనక్కర్లేదు. జనం తాకిడి తట్టుకోలేక 2024 నవంబరు నుంచి రోజుకు 20,000 మందికి మించి రానివ్వమని నిబంధన పెట్టారు. అక్కడ నన్ను అన్నిటికన్నా కలచినవి ఫియొరెల్లి 1863లో మొదలుపెట్టిన ప్లాస్టరు అచ్చులు. బూడిదలో శరీరం పోగా మిగిలిన ఖాళీలో ప్లాస్టరు పోస్తే చనిపోతున్న మనిషి ఆకారం వచ్చింది. ముఖానికి చేతులు అడ్డం పెట్టుకున్నవాడు, పక్కన పడుకున్నవాడు, గొలుసుతో కట్టేసిన కుక్క. అద్దాల పెట్టెల చుట్టూ సెల్ఫీలు. చావు ఘడియను కూడా చూడదగిన వస్తువు చేయడం నాకు మింగుడుపడలేదు. విజయనగరం అలాంటిదేదీ మనకు మిగల్చలేదు, అంతవరకు మేలు.

శిథిలాలను చూసే మూడో పద్ధతి కూడా మనకు తెలుసు: ముంచేయడం. తెలుగుదేశంలో రోమన్ పోకడకు అన్నిటికన్నా దగ్గరగా వచ్చిన చోటు నాగార్జునకొండ. ఇక్ష్వాకుల విజయపురిలో మెట్లమెట్లుగా కూర్చునే రంగస్థలం బయటపడింది. మధ్యలో ఆడే చోటు, చుట్టూ ఇటుక, రాతి మెట్లు. మనదేశంలో అలాంటిది చూడటం అరుదు. రోమన్ బంగారు నాణేలు కూడా అక్కడ దొరికాయి. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం ఆధ్వర్యంలో హడావుడిగా తవ్వి, తీయగలిగినవి తీసి, కొన్ని కట్టడాలను కొండమీదికీ అనుపుకూ తరలించి, మిగతా లోయను సాగర్ నీళ్లకు వదిలేశారు. ఆ నీళ్లు లక్షల ఎకరాలు పండిస్తున్నాయి, అన్నం పెట్టే నీళ్లను నేను తప్పుబట్టను. అనుపు దగ్గర మళ్లీ కట్టిన రంగస్థలం మెట్లమీద కూర్చుంటే మాత్రం తెలుస్తుంది: రాళ్లను మోసుకొచ్చి పెట్టొచ్చు, చోటును మోసుకురాలేం. హంపిలో ఇంకా చోటు ఉంది, నీళ్లున్నాయి, మనుషులున్నారు.

తీర్పు చెప్పమంటే చెబుతాను. సామాన్యుడి బతుకును విప్పి చూపించడంలో పాంపే హంపికన్నా చాలా ముందుంది. అందులో పాంపే అదృష్టం సగం, అక్కడివాళ్ల కృషి సగం. ఊరుగా బతకడంలో హంపిదే పైచేయి, ఆ విషయంలో పాంపే దాని దరిదాపుల్లోకి రాదు. యునెస్కో 1986లో హంపిని కట్టడాల సముదాయంగా జాబితాలో చేర్చింది. కట్టడాలతోపాటు కాలువ, పొలం, పుట్టి, అంగడి, జాతర కూడా ఆ జాబితాలోవే అనుకుని నడుచుకుంటే తప్ప మిగిలినదీ నిలవదు. గుడి ముందు బజారు మండపాల్లో కొన్నిటినైనా, గట్టి షరతులతో, ఆ ఊరివాళ్లకే తిరిగి అప్పగించాలి. కాలువ గట్టు విస్తళ్ల దగ్గర, బండల ఉలిగుంటల దగ్గర, మండపాల్లోని పులిజూదం గళ్ల దగ్గర కన్నడంలో, తెలుగులో, ఇంగ్లీషులో నాలుగేసి వాక్యాల బోర్డులు పెట్టాలి. ఇందుకు వందల కోట్లు అక్కర్లేదు.

బెంగళూరు నుంచి వెళ్లేవాళ్లకు ఒక మాట. హంపి ఎక్స్‌ప్రెస్‌లో రాత్రి ఎక్కి పొద్దున హోస్పేటలో దిగగానే ఆటోను నేరుగా రాతిరథం దగ్గరికి పోనివ్వకండి. యాభై రూపాయల నోటుమీద అది రోజూ కనబడుతూనే ఉంది. ముందు కమలాపురంలో పురావస్తు శాఖ మ్యూజియానికి వెళ్లండి. అక్కడ ఏరు, గుట్టలు, గోడలు, గుళ్లు అన్నీ కలిపి ఊరంతా ఒకేచోట నమూనాగా పెట్టి ఉంది. పిల్లలకు అది చూపించి, కాలువ ఎక్కడ మొదలై ఎక్కడికి పోతోందో వేలితో గీయించండి. అక్కణ్నుంచి భోజనశాలకు నడవండి. రథం సాయంత్రం చూడొచ్చు. రాత్రికి ఆ ఊళ్లోవాళ్ల ఇంట్లోనే, ఆనెగొందిలోనో కమలాపురంలోనో, గది తీసుకుని వాళ్ల చేతి జొన్నరొట్టె తినండి.